నుదురు ముడిస్తే కోపమనేనా?

ఎండాకాలం పొద్దున్నే మన విశాఖపట్నం బీచ్ రోడ్డులో నడిచేవాళ్ల మొహాలు గమనించండి. కోస్టల్ బ్యాటరీ నుంచి పార్క్ హోటల్ వైపు వెళ్లేవాళ్లు చాలామంది కనుబొమలు దగ్గరకు లాక్కుని, కళ్లు చికిలించి, పెదాలు బిగబట్టి నడుస్తుంటారు. వాళ్లే వెనక్కి తిరిగొచ్చేటప్పుడు మొహం విప్పారి ఉంటుంది. మన తీరం ఈశాన్యం వైపు సాగుతుంది కాబట్టి, వెళ్లేటప్పుడు సముద్రం మీంచి లేచిన సూర్యుడు కుడిపక్క నుంచి కళ్లలో కొడతాడు. వచ్చేటప్పుడు ఆ ఎండ వీపు మీద పడుతుంది. ఈ సంగతి ఆలోచించకుండా, ఎదురుపడ్డ మనిషి నవ్వలేదని "మొహం గంటు పెట్టుకుని పోయాడు, మనమంటే గిట్టనట్టుంది" అని తేల్చేసుకుంటాం. ఇంటికెళ్లి ఆ మాట ఇంకొకరి చెవిలో వేస్తాం. పాపం, ఆ మనిషికి ఏ సంగతీ తెలియదు.

కనుబొమల మధ్య ముడత వేసే చిన్న కండరాన్ని కొరుగేటర్ అంటారు. అది కోపానికి ఒక్కదానికే బిగుసుకోదు. ఎండ కొట్టినా, సన్నక్షరాలు చదువుతున్నా, సూదిలో దారం ఎక్కిస్తున్నా, లెక్క తేలకపోయినా, నడుం పట్టేసినా, మాట సరిగా వినపడక ఎదుటివాళ్ల పెదాల కదలికను బట్టి పోల్చుకుంటున్నా అదే కండరం, అదే ముడత. పనిలోనో ఆలోచనలోనో ఏదైనా చిక్కు ఎదురైనప్పుడు నుదురు ముడుస్తామని డార్విన్ 1872లోనే రాశాడు. అంటే ముడత చెప్పేది "ఇక్కడేదో కష్టంగా ఉంది" అనేంతవరకే. ఆ కష్టం ఎండా, నొప్పా, అప్పా, మనమా అన్నది అది చెప్పదు.

ముఖ కవళికలను చదివే నిపుణులకు ఒక పద్ధతి ఉంది. పాల్ ఎక్మన్, వాలెస్ ఫ్రీసెన్ 1978లో ముఖంలోని ఒక్కో కదలికకు ఒక్కో నంబరు ఇచ్చారు. కనుబొమలు దగ్గరకు లాగి దించితే 4, పెదాల చివర్లు పైకి లాగితే 12, బుగ్గ పైకెత్తి కంటి కింద ముడత పడితే 6. ఆ పద్ధతిలో శిక్షణ పొందినవాళ్లు వీడియో చూస్తూ మొదట రాసేది నంబర్లే. "కోపం" అని రాయరు, "4" అని రాస్తారు. ఇంట్లోనూ ఆఫీసులోనూ మనం అలవాటు చేసుకోవాల్సింది ఇదేనని నా గట్టి అభిప్రాయం. "అత్తయ్యగారు అలిగారు" అనే బదులు "అత్తయ్యగారు పొద్దున్నుంచి మాట్లాడలేదు, కాఫీ సగం వదిలేశారు" అనుకోవాలి. మొదటిది తీర్పు. రెండోది మాత్రమే మనకు నిజంగా తెలిసిన విషయం. ఆ రెండో వాక్యం దగ్గర ఆగితే కారణం వెతకడానికి చోటుంటుంది. కాఫీలో పంచదార ఎక్కువైందేమో, పన్ను సలుపుతోందేమో, ఊళ్లో చెల్లెలికి బాగోలేదని ఫోనొచ్చిందేమో.

2019లో లీసా ఫెల్డ్‌మన్ బారెట్, మరో నలుగురు శాస్త్రవేత్తలు కలిసి అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ తిరగేసి ఒక పెద్ద సమీక్ష రాశారు. కోపంలో ఉన్నవాళ్లు నుదురు ముడిచి గుర్రుగా చూసేది సుమారు మూడో వంతు సందర్భాల్లోనే, అంతకన్నా తక్కువే అని తేలింది. మిగతా సందర్భాల్లో కొందరు ఊరుకుంటారు, కొందరు నవ్వుతారు, కొందరికి కళ్లనీళ్లొస్తాయి. 2012లో హిల్లెల్ అవియెజర్ బృందం టెన్నిస్ ఆటగాళ్ల ఫొటోలతో ఇంకో సంగతి చూపించింది. కీలకమైన పాయింటు గెలిచిన క్షణంలోనూ ఓడిన క్షణంలోనూ ఉన్న మొహాలను మాత్రం కత్తిరించి చూపిస్తే, ఎవరు గెలిచారో ఎవరు ఓడారో జనం పోల్చుకోలేకపోయారు. ఒంటిని చూపిస్తే పోల్చుకున్నారు. అయినా తమకు మొహంలోనే తెలిసిందని నమ్మారు. మైక్రోసాఫ్ట్ సంస్థ తన ముఖ గుర్తింపు సేవలో భావోద్వేగాలను అంచనా వేసే భాగాన్ని 2022లో ఉపసంహరించుకుంది. వైద్యానికో భద్రతకో తప్ప, పని చేసేచోటా చదువుకునేచోటా మనుషుల భావాలను కనిపెట్టే కృత్రిమ మేధ వ్యవస్థలను యూరోపియన్ యూనియన్ నిషేధించింది. అది 2025 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉంది. పరికరాలు కూడా నమ్మకంగా చెప్పలేనిదాన్ని మనం గుమ్మంలో నిలబడి ఒక్క చూపులో తేల్చేస్తున్నాం.

ఇక మన ఊరి సంగతి. గాజువాక, కూర్మన్నపాలెం వైపు షిఫ్టు డ్యూటీ ఇళ్లలో ఈ అపార్థం రోజూ పుట్టేదే. స్టీల్ ప్లాంటులో సి షిఫ్టు రాత్రి పదికి మొదలై ఉదయం ఆరింటికి దిగుతుంది. మనిషి ఇంటికొచ్చేసరికి నుదుటి మీద హెల్మెట్ పట్టీ గీత, ఎర్రబడ్డ కళ్లు. కుర్చీలో కూలబడి బూట్ల తాళ్లు విప్పుతుంటాడు. "ఏవండీ, ఇడ్లీ పెట్టనా, ఉప్మా చెయ్యనా?" అని వంటింట్లోంచి అడిగితే జవాబుండదు. మళ్లీ గట్టిగా అడిగితే "ఏదో ఒకటి!" అని కసురుతాడు. ఇక ఆ ఇంట్లో పొద్దు పాడైనట్టే.

ఆ సమయంలో అతని ఒంట్లో మూడు పనులు జరుగుతున్నాయి. ఒకటి చెవి. మన ఫ్యాక్టరీ నిబంధనల్లో ఎనిమిది గంటల పనికి శబ్దం హద్దు 90 డెసిబెల్స్. అంత చప్పుడు దగ్గర, అదీ ఇయర్ ప్లగ్గులు సరిగా పెట్టుకోకుండా పనిచేస్తే, వినికిడి కొన్ని గంటలపాటు మందగిస్తుంది. తర్వాత మెల్లగా తేరుకుంటుంది. ముందుగా పోయేది సన్నని ధ్వనులు. స, త, క లాంటి హల్లులు చెదిరిపోతాయి. వంటింటి గోడ అవతల నుంచి, పక్కన మిక్సీ తిరుగుతుండగా అడిగిన మాట అతనికి గొణుగుడులా చేరుతుంది. రెండు, నీరు. వేడి దగ్గర చెమటోడ్చిన మనిషికి తలనొప్పి సామాన్యం. మూడు, నిద్ర. తెల్లవారుజామున శరీరం పడుకోమని అడిగే వేళంతా మేలుకుని వచ్చాడు.

కాబట్టి వచ్చిన వెంటనే పెద్ద గ్లాసుడు నీళ్లో, ఉప్పు వేసిన పల్చటి మజ్జిగో ఇవ్వండి. ఏదైనా అడగాలంటే ఎదురుగా వచ్చి మొహం కనపడేలా, ఒక్క ప్రశ్న మాత్రమే అడగండి. రెండు పేర్లు చెప్పి ఎంచుకోమనేకన్నా ఉన్నది పెట్టేయడం నయం. పిల్లాడి ఫీజు, ఈఎమ్ఐ, చుట్టాల పెళ్లి ఇవేవీ ఆ గంటలో ఎత్తొద్దు. మధ్యాహ్నం నిద్ర లేచాక కూడా వెంటనే వద్దు. లేచిన పదిహేను నిమిషాల నుంచి అరగంట దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు, మెదడు పూర్తిగా మేలుకోదు. ఆ మబ్బులో ఇచ్చే జవాబు ఎప్పుడూ చిరాగ్గానే వినిపిస్తుంది. లేచి, స్నానం చేసి, టీ తాగాక మాట్లాడితే అదే మనిషి అదే విషయానికి నింపాదిగా జవాబిస్తాడు. రిషికొండ, మధురవాడలో అమెరికా వేళల్లో పనిచేసే పిల్లల తల్లిదండ్రులకూ ఇదే వర్తిస్తుంది.

ఆసుపత్రి వార్డులో నర్సు మొహం ఇంకో ఉదాహరణ. 500 మిల్లీలీటర్ల సెలైను ఎనిమిది గంటల్లో ఎక్కాలనుకోండి. మామూలు సెట్టులో మిల్లీలీటరుకు 20 చుక్కలు. లెక్క వేస్తే నిమిషానికి దాదాపు 21 చుక్కలు. ఆమె ఒక కన్ను గడియారం మీద, ఒక కన్ను చుక్కల మీద పెట్టి, మనసులో లెక్కపెడుతూ రోలర్ తిప్పుతుంటుంది. సరిగ్గా అప్పుడే "సిస్టరూ, డాక్టరు గారు ఎప్పుడొస్తారు?" అంటాం. ఆమె తలతిప్పదు, చెయ్యి అడ్డం పెడుతుంది. "ఎంత పొగరు" అనుకుంటాం. పధ్నాలుగు దగ్గర మాట కలిస్తే ఆమె మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాలి. చెయ్యి దించేదాకా ఆగి అడిగితే చాలు. బ్యాంకులో నోట్లు లెక్కపెట్టే క్యాషియరైనా, పూర్ణా మార్కెట్లో తూకం వేస్తూ నోటిలెక్క చేసుకునే వ్యాపారైనా ఇంతే.

చేపల రేవు సంగతి మరోలా ఉంటుంది. ఫిషింగ్ హార్బర్‌లో వేలంపాట వేళ కొత్తగా వెళ్లినవాళ్లు అక్కడేదో కొట్లాట జరుగుతోందనుకుంటారు. బోటు ఇంజన్లు, ఐసు మరపట్టే మిషన్ల చప్పుడు, పైగా సముద్రపు గాలి. అక్కడ అరవకపోతే పాట వినపడదు. సముద్రం మీద గొంతు చించుకుని మాట్లాడే అలవాటు ఒడ్డుకొచ్చాక ఒక్కసారిగా మారదు. పైగా మన ఉత్తరాంధ్ర యాసలో "ఏటి?" అన్న ఒక్క మాటే బయటి ఊరివాళ్లకు దెబ్బలాటకు పిలిచినట్టుంటుంది. ఆ మాట అన్నావిడ మరుక్షణం పక్కనున్న పసిదాన్ని ఎత్తుకుని ముద్దాడుతుంది. అదే రేవులో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, చేపల వేట నిషేధం ఉన్న 61 రోజుల్లో చూడండి. బోట్లు కట్టేసి, వలలు బాగుచేసుకుంటూ మగవాళ్లు గుంపుగా కూర్చుని పరాచికాలాడుతుంటారు. చూసేవాళ్లకు హాయిగా ఉన్నట్టుంటుంది. సముద్రం మీంచి రూపాయి రాని రెండు నెలలవి. అరుపుకు కోపం ఎలా అర్థం కాదో, నవ్వుకు నిశ్చింత కూడా అలాగే అర్థం కాదు.

పాడేరు, అరకు వైపు నుంచి నగరానికి చదువుకు వచ్చిన పిల్లల మౌనాన్ని "కలవరు", "ముభావం" అని లెక్చరర్లూ తోటి పిల్లలూ అనేస్తారు. వాళ్లలో చాలామందికి ఇంటి భాష తెలుగు కాదు. రెండో భాషలో గబగబా సాగే కబుర్లలో మాట కూర్చుకునేలోపే సంభాషణ ముందుకు పోతుంది. క్లాసులో అందరి ముందూ నిలబెట్టి "ఏం, మాట్లాడవేం?" అంటే ఇంకా ముడుచుకుంటారు. ఇద్దరు ముగ్గురుండే ల్యాబ్ బ్యాచిలో, చేతిలో పని ఉండగా పలకరిస్తే మాట వస్తుంది. తలవంచుకుని పెద్దల కళ్లలోకి చూడకపోవడం మన ఇళ్లలో మర్యాద. ఇంటర్వ్యూ గదిలో దాన్నే ధైర్యం లేకపోవడంగా మార్కులేస్తున్నారు. ఇది మానుకోవాల్సిన అన్యాయం.

ఇక జబ్బు సంగతి. ఇక్కడ పొరపాటు పడితే అపార్థంతో పోదు, వైద్యమే ఆలస్యమవుతుంది. ఇంట్లో పెద్దావిడ కొన్ని నెలలుగా నవ్వడం మానేసింది, రెప్పలు కూడా తక్కువగా ఆడుతున్నాయి, మనవడొచ్చినా మొహంలో చలనం లేదు. "కోడలంటే పడట్లేదు" అని ఊరంతా అనుకుంటుంది. పార్కిన్సన్స్ జబ్బులో ముఖ కండరాల కదలిక తగ్గిపోయి మొహం ముసుగేసినట్టయిపోతుంది. లోపల సంతోషం ఉన్నా పైకి రాదు. మొహాన్ని పక్కనపెట్టి మిగతావి చూడండి: నడిచేటప్పుడు ఒక చెయ్యి ఊగడం తగ్గిందా, సంతకం చిన్నదైపోతోందా, గొంతు లోగొంతుకైపోయిందా, తిరగమోత వాసన తెలియట్లేదంటోందా? ఇందులో రెండు మూడు కలిస్తే న్యూరాలజిస్టు దగ్గరకు తీసుకెళ్లాలి. మొహం ఉబ్బి, మాట మందగించి, ఎప్పుడూ బద్ధకంగా, చలిగా ఉందంటుంటే థైరాయిడ్ తగ్గిందేమో టీఎస్‌హెచ్ పరీక్షలో తెలుస్తుంది. పక్షవాతం వచ్చిన కొందరిలో లోపల దుఃఖం లేకుండానే ఏడుపు, సంతోషం లేకుండానే నవ్వు తన్నుకొస్తాయి. దానికి మందులున్నాయి. మూతి హఠాత్తుగా ఒకపక్కకు పోతే మాత్రం ఎవరి మాటా వినొద్దు, 108కి ఫోన్ చేయాలి. పక్షవాతమైతే, రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షను ఇవ్వడానికి లక్షణం మొదలైన దగ్గర్నుంచి నాలుగున్నర గంటలే సమయం. పిల్లలకైతే, సాయంత్రం నాలుగింటి మూతి ముడుపు చాలాసార్లు ఆకలి. బోర్డు వైపు చూస్తూ మొహం చిట్లించే పిల్లకు కళ్ల పరీక్ష చేయించాలి.

చావింట్లో తీర్పులు అన్నిటికన్నా క్రూరమైనవి. "కన్నతండ్రి పోతే కన్నీటి చుక్క రాల్చలేదు" అని పెద్దకొడుకు గురించి అంటారు. అతను అప్పటికి వ్యాను మాట్లాడాలి, కాన్వెంట్ జంక్షన్ దగ్గరి శ్మశానానికి కబురు పెట్టాలి, పురోహితుణ్ని పిలవాలి, హైదరాబాద్ నుంచి వచ్చే చెల్లెలి రైలు వేళ కనుక్కోవాలి, ఫ్రీజర్ బాక్సుకు కరెంటు ఆగకుండా చూసుకోవాలి. పెద్ద దెబ్బ తగిలినప్పుడు మొద్దుబారిపోవడం దుఃఖంలో ఒక భాగమే. చాలామందికి ఏడుపు పదకొండో రోజు దాటి, చుట్టాలు వెళ్లిపోయి, ఇల్లు ఖాళీ అయ్యాక వస్తుంది. అప్పుడు పక్కనుండేవాళ్లే ఉండరు. అతని మొహం చూసి లెక్కలు కట్టేవాళ్లు పన్నెండో రోజున ఒకసారి ఫోన్ చేస్తే ఎంత మేలో.

నవ్వే మొహం గురించి విడిగా చెప్పాలి. కుంగుబాటును గుర్తించడానికి డాక్టర్లు వాడే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నపత్రంలో తొమ్మిది ప్రశ్నలుంటాయి. గత రెండు వారాల గురించి అడుగుతారు. ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. పది, ఆపైన వస్తే డాక్టర్ని కలవాలి. పనుల మీద ఆసక్తి, దిగులు, నిద్ర, నీరసం, ఆకలి, తనను తాను తక్కువ చేసుకోవడం, ఏకాగ్రత, చావు ఆలోచనలు ఇవన్నీ ఉంటాయి. బయటివాళ్లు గమనించగలిగేదంటూ ఒక్కటే ఉంది: కదలిక, మాట బాగా నెమ్మదించడం, లేదా కుదురు లేకుండా తిరగడం. మొహం ఎలా ఉందన్న ప్రశ్నే లేదు. అందుకే "నిన్ననే కదా నవ్వుతూ మాట్లాడాడు" అన్న మాటకు విలువ లేదు. రోజూ ఆడే షటిల్ మానేశాడా, రాత్రి మూడింటికి వాట్సాప్‌లో కనబడుతున్నాడా, ఇష్టమైన వస్తువులు పంచేస్తున్నాడా, "నా వల్ల అందరికీ ఇబ్బంది" అంటున్నాడా, ఇవి చూడాలి. అనుమానమొస్తే సూటిగా అడగొచ్చు: "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే ఒంటరిగా వదలకూడదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ నంబరు 14416కి ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. అక్కడికెళ్లడానికి సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

మరి తెలుసుకోవడం ఎలా? 2018లో తాల్ ఎయల్, మేరీ స్టెఫెల్, నికొలస్ ఎప్లీ 25 ప్రయోగాలు చేశారు. ఎదుటివాళ్ల స్థానంలో తమను ఊహించుకున్నంత మాత్రాన అంచనా మెరుగుపడలేదు. వాళ్లనే అడిగి తెలుసుకున్నప్పుడు మెరుగుపడింది. అయితే అడగడంలోనే చాలామంది చెడగొడతారు. ఇది ప్రతి ఇంట్లో జరిగే సంభాషణే:

"ఏంటి, కోపమా?"

"లేదే."

"మరి మొహం అలా ఉందేంటి?"

"మామూలుగానే ఉంది."

"లేదు, ఏదో ఉంది. చెప్పు."

"ఏమీ లేదని చెప్తున్నానా!"

"చూశావా, నే చెప్పలా?"

మొదటి ప్రశ్నకు లేని కోపం మూడో జవాబుకు నిజంగానే వచ్చింది. మొదటి ప్రశ్నే తీర్పుతో మొదలైంది, అదే తప్పు. దానికి బదులు చూసిన విషయం చెప్పి, కారణం ఒంటి మీదో పని మీదో పెట్టి అడగండి. "అన్నా, పొద్దున్నుంచి రెండుసార్లు టీకి రాలేదు. ఒంట్లో బాగోలేదా, పని ఎక్కువుందా?" దీనికి జవాబివ్వడం తేలిక. "ఎందుకలా ఉన్నావ్" అనే ప్రశ్నకు సంజాయిషీ ఇచ్చుకోవాలి, అందుకే ఎదురు తిరుగుతారు. "భోంచేశారా?" మంచి పలకరింపే, కానీ దానికి అలవాటుగా "ఆ, అయింది" అనేస్తారు. "మధ్యాహ్నం ఏం తిన్నారు?" అంటే నిజం బయటపడుతుంది.

పదిమందిలో అడగొద్దు. ఎదురెదురుగా కూర్చోబెట్టి అడగడం కన్నా పక్కపక్కన నడుస్తూనో, బీచ్ గట్టు మీద సముద్రం వైపు తిరిగి కూర్చునో అడిగితే మాట సులువుగా వస్తుంది. అడిగాక ఆగాలి. రెండు సెకన్లు ఊరుకోలేక మనమే జవాబు అందించేస్తాం. "బాగానే ఉన్నాను" అంటే నమ్మి, "సరే, ఆరింటిదాకా ఇక్కడే ఉంటాను" అని ఊరుకోవాలి. ప్రాణం మీది అనుమానం లేనప్పుడు అదే రోజు రెండోసారి గుచ్చి అడగడం హింసే. ఇంకొకటి: ఎవరైనా మన మీద అరిస్తే, బూతులు తిడితే, అది మొహం సంగతి కాదు, ప్రవర్తన. "మీరు గొంతు పెంచారు, ఇలా అయితే మాట్లాడలేను" అని చెప్పే హక్కు మనకుంది. లోపల ఏముందో తెలియకపోయినా ఆ మాట చెప్పొచ్చు.

వీడియో మీటింగుల్లో కెమెరా తెరపైన ఉంటుంది, మనం చూసేది కింద ఉన్న మొహాన్ని. అందరి చూపులూ కిందికి వాలి, వినట్లేదేమో అనిపిస్తాయి. వాట్సాప్‌లో "సరే" అని ముక్తసరిగా వస్తే అవతల మనిషి మద్దిలపాలెం బస్సులో ఒంటిచేత్తో కమ్మీ పట్టుకుని వేలాడుతున్నాడేమో. ముఖ్యమైన విషయమైతే ఫోన్ చేసి గొంతు వినండి.

మొహం చూసి జనం అపార్థం చేసుకునేవాళ్ల వైపు నుంచి కూడా ఒక పని ఉంది. వయసుతో పెదాల చివర్లు జారినవాళ్లు, ఎప్పుడూ ఆలోచనలో ఉన్నట్టు కనిపించేవాళ్లు, చెవుడు మొదలైనవాళ్లు, మైగ్రేన్ ఉన్నవాళ్లు ముందే చెప్పుకోవడం మంచిది. కొత్త ఆఫీసులో చేరిన వారంలోనే "నాకు ఎడమ చెవి సరిగా వినపడదండీ, పలక్కపోతే భుజం తట్టండి" అనండి. షిఫ్టు దిగి ఇంట్లో అడుగుపెట్టగానే "తల పగిలిపోతోంది, నీ మీద కాదు, అరగంట ఆగి మాట్లాడతా" అనండి. తర్వాత ఆ అరగంట కాగానే మీరే వెళ్లి మాట్లాడండి. ఆ రెండో పని చేయకపోతే ఇంకోసారి మొదటి మాటను ఇంట్లో ఎవరూ నమ్మరు.